అడుసు

నేను వెళ్లేసరికి సముద్రం ఊళ్లో లేదు.

పడవలు పక్కకి ఒరిగి పడుకున్నాయి,
లంగరు తాళ్లు వదులుగా, పాచి పట్టి.
నది మొగలో నీళ్లకి బదులు
మైలు వెడల్పున నల్లటి అడుసు.
మధ్యలో ఒక సన్నటి పాయ
దారి అడగడానికి మొహమాటపడే మనిషిలా
అటూ ఇటూ తిరుగుతోంది.

గలీసియా. స్పెయిన్‌కి వాయవ్య మూల.
పటం మీద వేలు పెడితే గోరు కింద దాక్కునే ఊరు.
ఒడ్డు పొడుగునా రాతికాళ్ల మీద గాదెలు,
లోపల మొక్కజొన్న కంకులు,
ఒక్కో కప్పు మీద ఒక్కో శిలువ.
దొంగకి దేవుడి భయం.
ఎలకకి మాత్రం
కాలికీ గాదెకీ మధ్య పెట్టిన రాతిపళ్లెం.

ఉప్పుచేపల కొట్టం ఆరువందల ఏళ్లదట.
చూద్దామంటే తాళం.
తాళంచెవి వైన్‌కొట్టు ఎవరిస్తో దగ్గర,
ఎవరిస్తో పన్ను పీకించుకోడానికి పట్నంలో.
చరిత్ర అతని కోటు జేబులో
చిల్లరతో కలిసి గలగలమంటూ
పొద్దుటి బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇక చేసేదేముంది,
బూట్లు విప్పాను.

అప్పటికే మొగ నిండా ఆడవాళ్లు,
చేతుల్లో పళ్లపారలు, పక్కన బకెట్లు.
నాట్లేసే వంపే నడుముల్లో,
కాకపోతే వీళ్లు పాతేవాళ్లు కారు, తవ్వేవాళ్లు.

డెబ్బైకి దగ్గరపడ్డ బల్బీనా
మెళ్లో తాడుకి కట్టిన ఇత్తడి బిళ్ల చూపించింది.
బిళ్ల మధ్యలో కంత.
అందులోంచి జారిపోయే గుల్ల
మళ్లీ అడుసులోకే.
"వయసు రాలేదు దీనికి."
ఆ బిళ్ల వాళ్లమ్మది.

మా భాషలో ఓ సామెత ఉందన్నాను,
వచ్చీరాని స్పానిష్ తడుముకుంటూ:
అడుసు తొక్కనేల, కాలు కడగనేల.
రెండుసార్లు చెప్పించుకుంది.
పార ఆపి పక్కావిడకి చెప్పింది,
ఆవిడ అవతలావిడకి,
నవ్వు వంగిన నడుముల మీదుగా పాకి
ఎదరగట్టు దాకా వెళ్లింది.
తిరిగొచ్చిన జవాబు ఒక్కటే:
"ఆ మాటన్నాయనకి
వండి పెట్టేది ఎవరో కనుక్కో."

నాకు తెలీదు.
చిన్నప్పట్నుంచి అంటున్నాను,
ఎప్పుడూ అడగలేదు.

అయిదు దాటాక చీలమండకి చల్లగా ఏదో తగిలింది.
పోటు.
అల లేదు, చప్పుడు లేదు,
పాయ తనంతట తను వెడల్పవుతోంది అంతే.
ఆడవాళ్లు తూకానికి బయల్దేరారు.
పడవలు ఒక్కొక్కటే లేచి కూచున్నాయి.

గట్టు మీద రాతిశిలువకి రెండు వైపులా బొమ్మలు:
కొడుకు ఊరివైపు, తల్లి నీళ్లవైపు.
ఎందుకలా అన్నాను.
బల్బీనా బకెట్ నెత్తికెత్తుకుంటూ
"ఆయనకి ఈదడం రాదు" అంది,
నవ్వలేదు.

ఆఖరి బస్సు దిగాడు ఎవరిస్తో, దవడ వాచి.
జేబులోంచి తాళంచెవి తీసి
రమ్మన్నట్టు తలూపాడు.
నేను ఎక్కాల్సింది ఆ బస్సే.

మోకాళ్ల దాకా ఎండి పెళుసెక్కిన అడుసు
మెట్టు మెట్టుకీ రాలింది.
డ్రైవరు చూసి ఏమీ అనలేదు.
ఆ బస్సు నేలకి
ఆ రంగు కొత్త కాదు.