తడి గీత

ఆఫీసులో నాకిచ్చిన పని చిన్నదే.
ఇసుక ఎక్కడ పుడుతుందో ఒక చుక్క,
ఎక్కడికి పోతుందో ఒక బాణం.
ఎన్ని టన్నులైతే అంత లావు.
కంకరకి బూడిద రంగు, ఇసుకకి పసుపు.
నెలాఖరుకి పటం కావాలన్నారు.

కంకర తేలిగ్గానే లొంగింది.
కొండ కదలదు కదా,
క్రషర్ దగ్గర నిలబడితే లెక్క చెవుల్లోనే మోగుతుంది.
ఉత్తరాన రెండు బూడిద బాణాలు గీసి
చేతులు దులుపుకున్నాను.

ఇసుక దగ్గర ఆగిపోయాను.

బొంతువారి లంక ర్యాంపులో
పడవ అంచు మీద కూర్చుని
చెవిలో నీళ్ళు వంపుకుంటున్న లోవరాజు
నా కాగితం వంక చూసి అడిగాడు,
"ఇది ఏ వరదకి ముందుదండీ?"
నేను చుక్క పెట్టిన చోట
ఇప్పుడు రెండు నిలువుల నీళ్ళున్నాయట.
నీళ్ళని నీలం పూసిన చోట
ఎవరో దోసపాదులు పెట్టారు, పిందెలు కూడా దిగాయి.

అతనికి ఏటి అడుగు అరికాలితో తెలుసు.
గరగరలాడితే శ్లాబుకి,
మెత్తగా తగిలితే పూతకి,
కాలు జారిందంటే దువ్వ, పునాది గుంటలో పొయ్యడానికి తప్ప ఎందుకూ కొరగాదు.
ఊపిరి బిగబట్టి గెడ వెంట దిగుతాడు,
ఇనప బకెట్టుతో పైకొస్తాడు.
పడవకి ఎన్ని బకెట్లు అంటే
"లెక్కెట్టుకుంటే మునగలేవండి" అన్నాడు.

లెక్క గట్టు మీద దొరికింది.
టీ బడ్డీ బేబీసరోజిని
రేకు తలుపు వెనక బొగ్గుతో గీతలు పెడుతోంది,
లారీకి ఒకటి, ట్రాక్టరుకి సగం.
ఎవరూ అడిగి కాదు, ఊసుపోక.
రాత్రి లారీల గీతల్ని మాత్రం పడుకోబెడుతుంది.
రిజిస్టరులో నిలబడ్డవే ఉన్నాయి.

రెండూ కూడాను.
రావులపాలెం చేరేసరికి బాణం బొటనవేలంత లావైంది,
హైవే ఎక్కి కాగితం అంచు దాటిపోయింది.

లంకలోకి మాత్రం బాణం లేదు.
బడి మరుగుదొడ్డి కిటికీ మట్టానికి వచ్చి ఆగింది.
బుక్ చేస్తే స్టాకు పాయింటు అవతలి ఒడ్డున చూపించిందట.
ఇక్కడి ఇసుక ఇక్కణ్ణించి వెళ్ళి,
కాటా ఎక్కి, బిల్లు పుట్టించుకుని,
పంటు మీద మళ్ళీ ఇక్కడికే రావాలి.
హెడ్మాస్టరు పేరయ్యలింగం గారు
నవ్వుతూ మొదలుపెట్టి
మధ్యలో నవ్వడం మానేశారు.
బయల్దేరిన చుక్కకే తిరిగొచ్చే బాణాన్ని
ఎలా గీసినా సున్నాలాగే వస్తోంది.

ఒక తెల్లారుజామున మోపెడ్ మీద
లారీ వెనకాల పడ్డాను.
పచ్చి ఇసుక. డోరు సందుల్లోంచి నీళ్ళు కారుతూ
రోడ్డు మీద సన్నటి గీత.
ఏటిగట్టు మలుపులో అదీ మళ్ళింది,
స్పీడు బ్రేకరు దగ్గర చిన్న మడుగు కట్టింది,
చెక్‌పోస్టు ముందు చుక్కలు చుక్కలుగా
కాసేపు ఆలోచించింది.
అంత నిక్కచ్చి గీత
నా చేత్తో ఎప్పుడూ గియ్యలేదు.
ఎండెక్కేసరికి
వెనకనుంచి ఆరుకుంటూ నన్ను దాటిపోయింది.
బండి ఆపి ఫోన్ తీసేలోపు
చెప్పుకి అంటిన నాలుగు రేణువులే మిగిలాయి.

పటం ఇచ్చేశాను. బాగుందన్నారు.
స్కేలు కింద, ఎవరూ చదవనంత చిన్నగా,
"వచ్చే వరద దాకా మాత్రమే" అని రాశాను.
తీసెయ్యమన్నారు.
తీసేశాను.

సాయంత్రం లోవరాజు ఫోను,
ర్యాంపు మూసేశారట,
నీళ్ళు ఎర్రబడుతున్నాయట.