చుక్క ఎటు?

వశిష్ఠ పాయకి ఈవల, సఖినేటిపల్లి దాటాక
రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు.
పెమ్మాడి ధనకొండ గారు చేతులు లుంగీకి తుడుచుకుని కూర్చున్నారు.
మేత వాసన, తడిసిన సున్నం వాసన,
లాప్‌టాప్ మీట మీద వేలు పెట్టడానికి మొహమాటం.

"రెండు మొహాలు కనబడతాయండి, ఒకటి కోపంగా, ఒకటి మామూలుగా.
అవి పోయాక ఒక చుక్క వస్తుంది.
ఎటు వస్తే అటు నొక్కండి. ఆలోచించకండి."
"ఆలోచించకుండానా? ముందు అది నేర్పండి, ఆయ్."

మూడు వందల ఇరవై చుక్కలు.
భయమున్న చూపు కోపపు మొహానికి అతుక్కుంటుందని పుస్తకం,
ఆ వైపు చుక్కకి వేలు త్వరపడుతుందని లెక్క.
ఇటు సగటులోంచి అటు సగటు తీసేస్తే
ఇరవై మూడు మిల్లీసెకన్లు.
రెప్పపాటులో ఓ మూల.
దానికి ఆదుర్దా అని పేరు రాసుకుని పంటు ఎక్కాను.

మళ్ళీ మంగళవారం మైనస్ నాలుగు.
అదే మనిషి, అదే లుంగీ, కుంటుతున్న అదే బల్ల.
సరిసంఖ్య చుక్కలొక పక్క, బేసివొక పక్క పోసి చూశాను:
ఒకే మనిషివి రెండు సగాలు
ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.
ఇలాంటి కాటా రాజోలు సంతలో పెడితే
చేపలమ్మే అప్పాయమ్మ కాలవలోకి విసిరేసేది.
రెండు సగటుల్లోనూ ఉన్న మనిషి
తీసివేతలో కొట్టుకుపోతాడు.
ఒడ్డుకి చేరేది చెత్తే.

మూడోసారి రాత్రి వెళ్ళాను.
నూట పన్నెండో చుక్క దగ్గర ఆయన లేచిపోయారు.
నాకేం వినబడలేదు.
వినబడకపోవడాన్నే వినాలని నాకప్పటికి తెలీదు.
నాలుగో చెరువులో ఏరేటరు ఆగింది.
చీకట్లో పరుగు, జనరేటరు తాడు, ఒక దగ్గు, ఇంకో దగ్గు,
ఆపైన నీళ్ళు తెల్లగా లేచాయి.

తెర మీద చుక్క అలాగే ఉంది, ఎడమ పక్కన.
గడియారం మానలేదు. పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
రెండు సెకన్లు దాటిన జవాబు కొట్టేయాలని నిబంధన.
కొట్టేశాను.

తొడల దాకా తడిసి వచ్చారు. బీడీ వెలగలేదు.
నా అంకెలు నిలబడటం లేదని చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పాలి కనక.
"మా నాన్న పడవ నడిపేవోడండి.
ఏరు ఎంత లోతు అని ఎవరన్నా అడిగితే
పోటులోనా పాటులోనా అని తిరిగి అడిగేవోడు.
మీరు గెడ ఎప్పుడు దింపారేంటి?"

జవాబు చెప్పలేదు నేను. కాగితం మీద టైము రాశాను,
ఇంతకు ముందు రెండుసార్లూ రాయలేదు.
పక్కన, చిన్న అక్షరాలతో: ఏరేటర్లు ఆరు, తిరుగుతున్నవి ఆరు.

"మొదట్నించీనా అండి, ఆగిన కాడ్నించా?"
ఆయన వేలు అప్పటికే మీట మీదుంది,
చెవులు రెండూ గట్టు మీద వదిలేసి వచ్చారు.