పన్నెండోవాడి లెక్క

ఆ ఏడు మా కాలేజీ గోడలకు సున్నం ఇంకా ఆరలేదు.
యుద్ధం ఆగి ఏడాదైనా
చక్కెరకు చీటీ, కిరసనాయిలుకు చీటీ.
బంతికి మాత్రం చీటీ కూడా లేదు,
ఉండిందే ఒకటి.

డ్రిల్లు మాస్టరు జ్ఞానప్రకాశం
బస్రాలో మూడేండ్లు మిలిటరీ బూట్లు లెక్కబెట్టి వచ్చినాడు.
వస్తా వస్తా పదకొండు జతలు తెచ్చినాడు,
అన్నీ తొమ్మిదో నంబరే.
మా కాళ్ళు ఆరు, ఏడు.
పాత పేపర్లు ఉండచుట్టి ముందర కూరుకున్నాం.
ఏకాంబరం ఎడమ బూటులో బెర్లిన్ పడిపోయింది,
ఖాజా కుడి బూటులో బియ్యం ధర.
చెంగల్రాయులు ఎవరిదో పెండ్లి ప్రకటన తొక్కుకుంటా
మైదానమంతా పరిగెత్తినాడు.

నేను పన్నెండోవాణ్ణి.
నాకు బూట్లు లేవు, పంపు ఉండింది.
సైకిలు ట్యూబు ముక్క, సొల్యూషన్ డబ్బీ,
బ్లాడరు గొంతుకు కట్టే పురికొస,
అంచులు చిరిగిన స్కోరు పుస్తకం.

మొదటి ఆట మదనపల్లెలో. సున్నా, ఐదు.
చలికి కొంకర్లు పోయినామని రాసినాను.
వేలూరులో సున్నా, ఏడు.
ఏమని రాసేది? ఎండ అని రాసినాను.
చిత్తూరులో ఒకటి, మూడు.
ఆ ఒకటీ వాళ్ళ బ్యాకు తలకు తగిలి వాళ్ళ గోలులోకే పోయింది.
అయినా ఆరోగ్యదాసును భుజాలమీద మోసినాం,
దగ్గర్లో నిలబడి ఉండినాడు గదా అని.
తిరుగు రైల్లో, పాకాల జంక్షనులో,
అణా చెనక్కాయలు పదమూడు మందికి.
పొట్టంతా మాస్టరు టోపీలో.
ఆయన కోప్పడలేదు. కిటికీలోంచి దులిపి
"వచ్చే ఆట మన ఊర్లో" అన్నాడు.

మన ఊర్లో అంటే
కొండ కింద, స్టేషను వెనక, రాళ్ళు ఏరిన బీడు.
రేణిగుంట రైల్వే వాళ్ళతో ఆట,
బాయిలరు తలుపుల్లాంటి ఛాతీలు.
చూడ వచ్చింది
రైలుకింకా పొద్దున్న యాత్రికులు.
గట్టు పొడుగునా గుండ్లు,
గంధం పూసిన గుండ్లు ఎండకు నిగనిగా,
నడుమ ఒక పసిగుండు, ఏడుస్తా.
ఆట ఏందో వాళ్ళకు తెలీదు.
బంతి పైకి లేస్తే చాలు, గోవిందా!
ఎవరికి గోలు పడినా, గోవింద గోవిందా!
రైల్వే గోలీ అలవాటుకొద్దీ ఒకసారి చేతులెత్తి మొక్కినాడు,
ఆ మొక్కు నడుమనే ఖాజా తన్నింది లోపలికి పోయింది.
ఒకటి, ఒకటి.

ఆఖరి ఐదు నిమిషాలు.
ఏకాంబరం తన్నినాడు.
బంతి లేచింది, గోలీని దాటింది,
ఇంక గీత దాటాల,
ఠప్.
కుట్టు విచ్చుకొని, బ్లాడరు నాలుక బయటపెట్టి,
తోలు పిండిన చొక్కా మాదిరి గీతమీద కూలబడింది,
సగం లోపల, సగం బయట.
గట్టుమీద గుండ్లన్నిటిదీ ఒకటే గొంతు:
గోవిందా!

రెఫరీ తాలూకాఫీసు గుమాస్తా, అళగిరిస్వామి.
చిన్న పుస్తకం తీసి మూడు పుటలు తిప్పి
చచ్చిన బంతికి గోలు లేదన్నాడు.
ఇంకో బంతి తెమ్మన్నాడు.
ఊరంతా ఇంకో బంతి లేదు.
మీదేదని రేణిగుంట వాళ్ళనడిగితే
"మేం చుట్టాలం, బంతి ఇంటోళ్ళది" అన్నారు.

రైలు కూసింది.
గుండ్లు మూటలెత్తుకొని పోయినాయి.
బూట్లలో పేపర్లు తీసి ఆరబెట్టినాం,
చెమటకు అక్షరాలు కాలివేళ్ళకు తిరగబడి అంటుకున్నాయి.
పుస్తకంలో ఆ ఆట ఎదురుగా రాసినాను:
"ఒకటి, ఒకటి. బంతి అయిపోయింది."
మాస్టరు చదివి కింద సంతకం పెట్టినాడు.

రాయనిది ఒకటుంది.
ముందురోజు రాత్రి బ్లాడరును బకెట్టు నీళ్ళలో ముంచితే
ఒక బుడగ లేచింది. ఒక్కటే.
చాలాసేపటికి ఇంకొకటి.
డబ్బీ గీరినాను, అడుగు తగిలింది.
ఉన్నకాడికి పూసి, ట్యూబు ముక్క అద్ది,
బొటనవేలితో ఒత్తిపట్టి వంద లెక్కబెట్టినాను.
నూటయాభై అని డబ్బీమీద ఉండింది.
నిద్ర వచ్చింది.

పోయిన నెల ఏకాంబరాన్ని సాగనంపి వచ్చినాం.
కడదాకా అంటానే ఉండినాడు, "అది గోలేరా."
నేను ఊ కొడతా,
పంచె మడతలో బొటనవేలిని
చూపుడువేలికి అదిమిపట్టి ఉండేవాణ్ణి.
నూటొకటి,
నూటరెండు.