ఆరున్నొకటి

బాలరాట్‌లో జులై అంటే నడిచలికాలం.
ఆరు కాకముందే
స్టేడియం వెనక రేకుల షెడ్డు తాళం తీస్తాను.
తాళం కూడా చలికి బిగుసుకుని
రెండుసార్లు బతిమాలించుకుంటుంది.

లోపల ఇనుము.
ఏదో మూతబడ్డ జిమ్ము నుంచి తెచ్చిన బిళ్ళలు,
కొన్ని కిలోల్లో, కొన్ని పౌన్లలో.
కుడివైపు ఒక లెక్క, ఎడమవైపు ఒక లెక్క,
సరిచూసి ఎక్కించడం నా పని.

పదిహేనేళ్ళ ఆడపిల్లలు,
ఆరుగురు, ఆపైన న్యాకోర్.
బంతి ఉండదు ఇక్కడ. అదే వాళ్ళ మొదటి అలక.

బ్రైడీ నాలుగింటికే లేచి దూడలకు పాలు పట్టి వస్తుంది.
గడ్డికట్టలు మోసిన భుజాలు, కడ్డీని చూసి నవ్వుతుంది.
ఆమెకు నేర్పాల్సింది ఎత్తడం కాదు, ఆగడం.
టాలియాకు ఒకటే బెంగ, చేతులు లావైపోతాయేమోనని.
నా చేతులు చూపిస్తాను.
ఇరవై ఏళ్ళుగా ఎత్తుతున్నా
మా ఆడపడుచు పెట్టిన గాజులు ఇప్పటికీ జారిపోతాయి.

న్యాకోర్ ఒక్క ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగింది.
ఎముక ముందు పరిగెత్తింది,
కండ వెనకాల నడిచి వస్తోంది,
మధ్యలో మోకాలు తగువు తీర్చలేక సలుపుతోంది.
చూసినవాళ్ళందరిదీ ఒకే మాట,
"ఇంత పొడుగుకి ఇంకా నేర్పేదేముంది?"
పొడుగు తను చేసిన పని కాదని ఆమెకు తెలుసు.
ఆ మెప్పు చెవికెక్కించుకోదు.

ఆరు వారాలు ఆమెకు ఎగరడం నేర్పలేదు.
మోకాలెత్తు కూడా లేని చెక్కపెట్టె మీంచి
దిగమన్నాను.
చప్పుడు రాకుండా.
మీగడ చెదరకుండా పాలగిన్నె దించినట్టు.
మళ్ళీ.
పాదం, మోకాలు, తుంటి,
ఒకరి చేతిలోంచి ఒకరికి బిందె అందినట్టు
బరువు చేతులు మారాలి.
"ఇది ఆటేనా?" అంది.
"సగం ఆట. పైకి వెళ్ళినవాళ్ళంతా దిగాల్సిందేగా."

లెక్క మాత్రం నాది తెలుగులో.
మా నాన్న తాడేపల్లిగూడెంలో బియ్యం కొలిచేవాడు.
మొదటి కుంచానికి ఒకటి అనడు, లాభం అంటాడు.
ఏడులో ఏడుపు వినిపిస్తుందని
ఆరున్నొకటి అంటాడు.
నా నోరు అలాగే తిరిగింది.
బిళ్ళలు లేని ఖాళీ కడ్డీకి కూడా లాభం.
పిల్లలు తెలుగులో అంకెలు అంతేననుకుని
"లాబమ్!" అని అరుస్తారు, రేకులు అదిరేలా.

ఆగస్టులో ఒక పొద్దున
కడ్డీకి మొదటిసారి బిళ్ళలు ఎక్కించాం.
న్యాకోర్ ఆరు చేసి, కిందికి దిగి, అక్కడే ఆగింది.
ఊపిరి పొగలా వస్తోంది. బ్రైడీ వెనకే కాచుకుని ఉంది.
"ఆరున్నొకటి," అన్నాను.
లేచింది. కడ్డీని కొక్కేల మీద పెట్టింది.
అప్పుడడిగింది,
"అంత చిన్న అంకెకు ఇంత పొడుగు పేరెందుకు?"

చెప్పాను. దాని అసలు పేరు ఏడు.
ఏడు అంటే ఏడవమని కూడా.
మోకాలి కింద అరచేత్తో రుద్దుకుంటూ
కాసేపు నా వంక చూసింది.
"అయితే అదే అనండి.
అక్కడికొచ్చేసరికి నాకు ఎలాగూ అదే వస్తుంది."

బిళ్ళలు ఒక జత తీసేశాను.
అలిగింది. అలగనిచ్చాను.
నొప్పి నోరు తెరిచిన రోజు బరువు తగ్గాలి,
అదీ లెక్కలోదే.

శనివారం బెండిగో వాళ్ళతో ఆట.
మూడో క్వార్టర్‌లో రీబౌండ్ కోసం ముగ్గురి మధ్య లేచింది.
గాల్లోనే ఎవరి భుజమో తగిలింది.
దిగింది.
రెండు పాదాలు, మడతపడ్డ మోకాళ్ళు, అంతే.
బంతి అవతలి వాళ్ళకు పోయింది, అందరి కళ్ళూ అటే పోయాయి.
దిగినందుకు చప్పట్లు ఎవరు కొడతారు?
బెంచీ చివర కూర్చుని
నోటుపుస్తకంలో ఆమె పేరు పక్కన రాసుకున్నాను,
చప్పుడు: సున్న.

పదిహేను పాయింట్ల తేడాతో ఓడాం.

సోమవారం తాళం మళ్ళీ బతిమాలించుకుంది.
ఖాళీ కడ్డీ, మంచులా.
చేతులు వేసి, నా వంక చూడకుండా,
"లాభం," అంది న్యాకోర్
నాకంటే ముందు.