సగం ముడి

అర్ధరాత్రి దాటాక తెగింది దారం.
చప్పుడేం లేదు.
చేతిలోని బరువు ఉన్నట్టుండి లేకుండా పోయింది,
మెట్టుందనుకుని చీకట్లో కాలు వేసినట్టు.

వెనక మదీరా కొండ మీద
ఊరి దీపాలు ఒకటీ అరా మిగిలాయి.
కింద ఆరేడు వందల బారల నీళ్లు.
నల్లకత్తి చేప ఆ అడుగునే తిరుగుతుంది,
చీకటి తప్ప మరో ఊరెరగదు.
దాన్ని అందుకోవాలంటే ఒక చుట్ట చాలదు.
తెగింది పోగా మిగిలిన పాతదానికి
కొత్త నైలాను అతకాలి.

పాతది లావు, ఉప్పు తాగి గరుకెక్కింది.
కొత్తది సన్నం, చేప కడుపులా జారుడు.
ఇలాంటి రెంటికి పీటముడి పనికిరాదు,
వేస్తే పడుతుంది, లాగితే జారుతుంది.
నాన్న నేర్పింది వేరే:
రెండు కొసల్నీ ఎదురెదురుగా పడుకోబెట్టి
ఇది దాని మీద ఐదు చుట్లు,
అది దీని మీద ఐదు.
ఏదీ తన్ను తాను చుట్టుకోదు.

కిందటి చలికాలం నుంచి నా కుడిచేతికి
చూపుడువేలు లేదు. కప్పీ తినేసింది.
ఐదు చుట్లు వేసి పట్టుకోగలను,
తక్కిన ఐదూ వేసేలోపు మొదటివి విడిపోతాయి.
మూడుసార్లు వేశాను.
మూడుసార్లూ విడిపోయాయి.

పడవ కొసన కూర్చున్న ఫిర్మీను లేచాడు.
మా అన్న.
పదకొండేళ్లుగా ఒకే పడవ, మాటల్లేవు.
అరటి మడికి కాలవ నీళ్ల వంతు
మంగళవారం ఎవరిదన్న దగ్గర ఆగిపోయాయి.
ఎర సంగతైనా, ధర సంగతైనా
కుర్రాడు డెల్ఫీనుకి చెప్తాం,
వాడు మూడడుగులు మోసుకెళ్లి అప్పజెప్తాడు.
ఈ రాత్రి వాడికి జ్వరం. రాలేదు.

నా ఎదురుగా గొంతుక్కూర్చుని
కొత్త దారం కొస అందుకున్నాడు.
నావి ఐదు. అతనివి ఐదు.
అతనిది ఎడమచేతి వాటం, చుట్లు అటునుంచి తిరిగాయి,
అద్దంలో నా చెయ్యే, వేళ్లన్నీ ఉన్నట్టు.

బిగించే ముందు తడపాలి.
పొడిగా లాగితే నైలాను తన వేడికి తానే కాలుతుంది,
పైకి తెలీదు,
ఇంకెప్పుడో, పెద్ద చేప పడ్డ రోజున, అక్కడే తెగుతుంది.
సముద్రం నీళ్లు వద్దనేవాడు నాన్న, ఉమ్మే కావాలి.
నా సగం నోట్లో పెట్టుకుని తడిపాను.
తీసి అతని వైపు చాపాను.
అమ్మ పోయిన రోజు కూడా
నాతో ఒక రొట్టె పంచుకోని మనిషి,
ఒక్క క్షణం చూశాడు.
ఎంగిలనుకోలేదు.

లాగాం, మెల్లగా, చెరో వైపు.
రెండు ముళ్లూ జరిగి జరిగి
ఢీకొని ఆగాయి.
కలిసిపోలేదు. ఎవరి చుట్లు వాళ్లవే.
ఒకటి జారకుండా ఇంకొకటి అడ్డం,
అంతకంటే ఏమీ లేదు.

మిగిలిన కొస పళ్లతో కొరికి
సముద్రంలోకి ఉమ్మి, అన్నాడు:
"నాసిరకం నైలాను."
పదకొండేళ్ల తర్వాత అదీ మాట.
"డెల్ఫీను కొన్నాడు" అన్నాను,
రాని వాడి మీదికి తోసేసి.

తెల్లారితే మంగళవారం.
ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు.

వెలుగు రాకముందే లాగడం మొదలుపెట్టాం.
చేపలొచ్చాయి, పైకి చేరేలోపే చచ్చి,
బొగ్గులా నల్లగా,
పట్టలేనంత పెద్ద కళ్లతో.
చుట్ట తిప్పేది అతను, దారం సర్దేది నేను.
వేళ్ల మధ్య గోధుమగింజంత గరుకు తగిలింది.
"ముడి" అన్నాను.
"ఊఁ" అన్నాడు,
తిప్పడం నెమ్మది చేశాడు.