రేపటి తారీఖు ఫైలు

నల్గొండ కోర్టు ఎదురుంగ
జిరాక్స్ మిషన్ పక్కన నా డీటీపీ టేబులు.
లక్ష్మమ్మ అని కొడితే
మావత్తు ఊడి పక్కకు పడుతది,
చుక్కల సున్న ఒకటి చుట్టుకొని కూసుంటది.
పహాణీల ఉన్నామె, పిటిషన్ల ఉన్నామె
ఒక్కతే ఎట్లయితదని గుమస్తా.
తిప్పర్తి నుంచి సూరారపు లక్ష్మమ్మ
మూడుసార్లు బస్సెక్కొచ్చింది,
ఒక్క వత్తు కోసం.

ఆ తప్పు ఎవరో సరిజేసిన్రట, ఏ దేశంల్నో.
కొత్త సోర్సుల ఉన్నదట.
తయారుగ దొరకదు, మనమే కట్టుకోవాలె.
తొంభై లక్షల గీతల సాఫ్ట్‌వేరు,
నాకు కావాల్సినయి అండ్ల పదకొండు.

శనివారం రాత్రి షటర్ సగం దించి
మేక్ అని కొట్టిన.
పాత డబ్బాల ఫ్యాను గిర్ని లెక్క లేసింది.
నలభై నిమిషాలు తెల్లటి గీతలు ఉరికినయి,
తర్వాత ఎర్రవి.
ఆరువందల పన్నెండు తప్పులు.

ఆఖరిది చదివిన, సమజ్ కాలె.
దాని మీదిది చదివిన, అదీ అంతే.
పెండ్లిల లొల్లి జూసినోళ్లకు ఎరుకే,
గట్టిగ ఒర్లేటోడు
మొదలువెట్టినోడు కాడు.
పైకి పోయిన, ఇంకా పైకి,
మెడ గుంజేదాక పైకి.
అన్నిటికన్న మీద, చిన్న గొంతుతోని ఒక్కటి:
ఫలానా హెడర్ ఫైలు కనబడ్తలేదు.
అంతే.
మిగిలిన ఆరువందల పదకొండు
దాని ఎనుక ఏడ్సినోళ్లే.

డెవ్ పొట్లం దించి ఎక్కించిన.
నాలుగు పనులు ఒక్కపాలి చెయ్యమన్న,
తొందరకొద్ది.
తెల్లారుగట్ల తెర మీద ఒకటే మాట: కిల్డ్.
చంపినోడి పేరు రాయలె.
కర్నల్ చిట్టా తిరగేస్తే దొరికింది కారణం,
జ్ఞాపకం చాల్లేదంట.
నాలుగు జీబీలు మరి, ఎవని తప్పు?
ఒక్కొక్కటే చెయ్యి నాయనా అన్న.

ఆదివారం పగటేళ పానగల్ ఫీడర్ పోయింది.
కరెంటొచ్చినంక మళ్ల మేక్.
కట్టిందే కడుతుంది, కట్టిందే కడుతుంది.
ఈసారి ఎర్ర గీత ఒక్కటి లేదు,
పని మాత్రం జరుగుత లేదు.
నడుమ నడుమ నెమ్మదిగ ఒక హెచ్చరిక:
ఈ ఫైలు తారీఖు ఇంకా రాలేదు.

అప్పుడు జూసిన మూలకున్న గడియారం.
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.
లోపటి బిళ్ల బ్యాటరీ సచ్చింది,
నెట్ ప్యాకు అయిపోయింది, టైమ్ చెప్పేటోడు లేడు.
దాని లెక్కల
మేం రాసుకున్నయన్ని రేపటియి.
దాని లెక్కల ఇంకా రాష్ట్రం రాలె,
లక్ష్మమ్మ మొగడు బతికే ఉన్నడు,
పిటిషన్‌తోనే పని లేదు.

కొద్దిసేపు
ఆ తారీఖును మార్చబుద్ధి కాలె.

గడియారం సెంటర్ల ముస్తఖీమ్ భాయ్
కంటికి భూతద్దం తియ్యకుండనే
డబ్బాల కెలికి బిళ్ల ఇచ్చిండు.
"ఇర్వై అయిదు. రాత మీదికి రావాలె" అన్నడు.
ఏ గడియారానికని అడగలె.

పెట్టిన. ఇయ్యాల్టి తారీఖు కొట్టిన.
పాతయన్ని తుడిచి మొదటికెళ్లి మళ్ల.
సోమవారం పొద్దుగూకంగ
వేల హెచ్చరికలు గొణుక్కుంట గొణుక్కుంటనే
కట్టుడు అయిపోయింది.
ల. క్ష. కింద మావత్తు.
గూట్ల పిట్ట లెక్క ఒదిగింది.
ప్రింటు తీసి లైటు కింద పెట్టి
ఇంకోపాలి జూసిన, ఎవరన్న చూస్తరేమో అని సిగ్గుపడుకుంట.

మంగళవారం లక్ష్మమ్మొచ్చింది.
కాయితం తలకిందులు పట్టుకొని
"గిదేనా?" అన్నది.
గదే, అన్న.
ఇంకు డబ్బాల బొటనవేలు అద్ది
నేను జరగమనేలోపే
పేరు మీదనే ఒత్తింది,
సక్కగ ఆ వత్తు మీద.

ఏం అనలేకపోయిన.
ఇంకో కాపీ కొట్టిన.