కొలతకి అందని తడి

పొద్దున ఎనిమిదిన్నరకి
లాం ఫారంలో వానమాపకం మూత తీయడం నా ఉద్యోగం.
పంతొమ్మిదేళ్ళుగా తీస్తున్నాను.
సీసాలో నీళ్ళుంటే అంకె, లేకపోతే నిల్.
ఆ ఏడు జనవరి నుంచి మార్చి దాకా
నిల్, నిల్, నిల్.
నా చేతిరాత చూస్తే నాకే దాహమేసేది.

ముప్పై ఏళ్ళ వాన లెక్కలు కావాలని
ప్రభుదాసని ఓ కుర్రాడొచ్చాడు. పిట్టల మీద పరిశోధనట.
బీరువా దుమ్ములో కూర్చుని
జిరాక్సులు సర్దుకుంటూ చెప్పాడు:
సముద్రాల అవతల ఓ ఎడారి,
అందులో ఉప్పు పేరిన చెరువు.
ఏడెనిమిదేళ్ళకోసారి తడుస్తుంది, అదీ నమ్మకం లేదు.
వెయ్యి కిలోమీటర్ల దూరాన
తీరం బురదలో ముక్కులు పొడుచుకుంటున్న పిట్టలు
రాత్రికి రాత్రే లేచిపోతాయి.
అవి ఉన్నచోట మబ్బు లేదు, చినుకు లేదు.
అవి దిగేసరికి
ఏళ్ళ తరబడి ఉప్పులో పడుకున్న రొయ్య గుడ్లు
అప్పుడే కదులుతుంటాయి.

"ఎవరు చెబుతారు వాటికి?" అన్నాను.
"ఉరుమేమో. వాసనేమో. గాలి బరువేమో.
ఇంకా తెలీదండీ."
తెలీదని అంత సంతోషంగా చెప్పిన మనిషిని
మా డిపార్టుమెంటులో నేను చూళ్ళేదు.
గుమ్మంలో ఆగి ఇంకో మాటన్నాడు:
"కొన్ని తప్పు చోట దిగుతాయి మేడం.
నీళ్ళుండవు. మళ్ళీ ఎగరడమే."

ఏప్రిల్ మూడు.
రెండుసార్లు కొలిచాను: తొంభై రెండు పాయింట్ నాలుగు.
ముందురోజు సాయంత్రమే కదా బస్సులోంచి చూశాను,
కల్లాల్లో మిరపకాయ, కాలు పెట్టే సందు లేకుండా.
ఇప్పుడది ఉబ్బి, తాలు తేలి,
పట్టాలు లాగుతున్న ఆడవాళ్ళకి మోచేతుల దాకా ఎర్రనీళ్ళు.
ఆ పూట వానని తిట్టని నోరు లేదు.
నేనూ తిట్టాను.
తిట్టి, దశాంశం సరిచూసుకున్నాను.

తొమ్మిదో రోజు ఫోను.
మీరావలి. ఒకప్పుడు మా ఫారంలో కూలి,
ఇప్పుడు పేరేచర్ల క్వారీ వాచ్‌మన్.
"మేడమ్మా, గుంటలో నీళ్ళు నిలిచినయ్.
పొడుగుకాళ్ళోళ్ళు దిగారు. ఎన్నడూ చూళ్ళా."

రాయి తవ్విన గొయ్యి. మోకాలి లోతు నీళ్ళు,
క్రషర్ దుమ్ము పడి విరిగిన పాలలా.
అందులో నలభై ఒక్కటి.
సన్నటి ఎర్ర పుల్లల మీద నలుపూ తెలుపూ.
లారీ రివర్సు కొడుతున్నా తలెత్తవు.
"మొన్నటిదాకా తొండలేగా ఇక్కడ" అన్నాడు,
చుట్టాలకి చాలని ఇల్లున్నవాడిలా మొహమాటపడుతూ.
గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళలాంటి గుడ్లు.
డ్రైవర్లు తొక్కకుండా వాటి చుట్టూ
సున్నంతో గీత గీశాడు.

వారానికోసారి అడిగేదాన్ని, నీళ్ళెంత?
మోకాలు. పిక్క. చీలమండ.
అతని కొలబద్ద అతని ఒంటిమీదే ఉంది.
నా రిజిస్టర్లో నిల్. మేలో ఎండ నలభై ఆరు.
పిల్లలకి రెక్కలొచ్చేదాకా
ఎలాగో ఆగింది ఆ కాస్త బురద.
జూన్‌లో ఒక రాత్రి గొయ్యి ఖాళీ.
ఆలస్యంగా పెట్టిన నాలుగు గుడ్లు
గీత లోపలే ఉండిపోయాయి.

ఎటు పోయాయంటే,
వినుకొండ వైపు మెరిసిందమ్మా అంటాడు.
అక్కడి వాళ్ళకి ఫోన్ చేసి అడిగాను.
నిల్ అన్నారు.

మర్నాడు ఎనిమిదిన్నరకి మూత తీస్తే
సీసా అడుగున చెమ్మ. వంపితే చుక్క రాలదు.
కొలతకి అందని తడికి రిజిస్టర్లో ఓ మాటుంది, ట్రేస్ అని.
బద్ధకించి నేను దాన్ని
నిల్ అని రాసిన రోజులు ఎన్నో.
వేలు పెట్టి చూస్తే తెలిసేది. పెట్టలేదు.

అవన్నీ ప్రభుదాసు జిరాక్సుల్లో ఉన్నాయి.
ఆ రోజుల్లో ఏ పిట్ట లేచిందో,
ఎందుకు లేచిందో, అతనికెప్పటికీ లెక్క తేలదు.

ఫోన్ చేసి చెప్పాలి.